ఎఫ్రైన్ ఏం తిన్నాడు?

తొలూకా,
ఏప్రిల్ 28

త్రినీ,

ఫోనులో మాట్లాడుకుంటే ఇద్దరం అరుచుకుంటున్నాం. నువ్వు ఏడుస్తావు, నేను పెట్టేస్తాను. అందుకే రాస్తున్నాను. కాగితం మీదైతే నేను చెప్పేది చివరిదాకా వింటావు.

ఎఫ్రైన్‌ని మట్టిలో పెట్టి నెల కావస్తోంది. ఇక్కడ చలి ఇంకా తగ్గలేదు. వాడు పెళ్ళి చేసుకుని వేరే ఇంటికి వెళ్ళి రెండేళ్ళవుతోంది కదా, అయినా ఇప్పుడు పొద్దున్నే లేచి ఇద్దరికి కాఫీ పెడుతున్నాను. రెండో గ్లాసు చల్లారిపోయేదాకా చూసి పారబోస్తున్నాను.

ఇరుగుపొరుగువాళ్ళు వచ్చి అంతా దేవుడి చిత్తం అంటారు. నాకు దేవుడితో పేచీ లేదు. నా పేచీ కోడలితో, ఆ నోయెలియాతో. అంత్యక్రియల రోజు నువ్వూ చూశావు. ముందు బెంచీలో కూర్చోబోతే వెనక్కి పొమ్మన్నాను. పోయింది. చర్చి తలుపు దగ్గర నిలబడింది. ఎదురు మాట లేదు, కంట చుక్క లేదు. మొగుడు పోయిన పిల్ల అలా కర్రలా నిలబడుతుందా?

ఎర్ర జెండా ఎగరేసిన సముద్రంలోకి వాడెందుకు దిగుతాడు చెప్పు. చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు వాడే నా చెయ్యి పట్టుకునేవాడు, అంత జాగ్రత్త మనిషి. ఆవిడేమో బసలో నిద్రపోయానంటుంది. పట్టపగలు, కట్టుకున్నవాడు సముద్రంలోకి పోతుంటే నిద్ర!

మన రక్తంలో వాడిని చివరిసారి చూసింది నువ్వు. నువ్వు యాత్రికులని వెంటేసుకుని ఊరంతా తిప్పి తినిపిస్తావే, ఆ పొద్దున వాళ్ళిద్దరూ నీ గుంపులోనే నడిచారు. వాడు ఏం తిన్నాడు, ఏం మాట్లాడాడు, ఆవిడ వాడిని ఎలా చూసింది, అన్నీ రాయి. ఒక్కటీ దాచకు. నేను ప్రాసిక్యూటరు ఆఫీసుకి వెళ్ళబోతున్నాను. నీ మాట నాకు అవసరం.

నీ అక్క,
హెర్లిండా

శాన్ తెల్మో,
మే 10

అక్కా,

నీ ఉత్తరం చేతిలో పట్టుకుని రెండు మూడుసార్లు బజారుకి వెళ్ళొచ్చాను, జవాబు ఎలా మొదలుపెట్టాలో తెలియక. అడిగావు కనుక ఆ పొద్దున జరిగింది రాస్తున్నాను.

ఈస్టరు ముందు పరిశుద్ధ వారం కదా, ఊరు కిటకిటలాడుతోంది. నా గుంపులో కెనడా దంపతులు, గ్వాదలహారా నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళిద్దరు, మనవాళ్ళిద్దరు. మొదట చేపల బజారులో తోచో దగ్గరికి తీసుకెళ్ళాను. మడచెట్ల కట్టెల నిప్పుల మీద చేపని వీపు చీల్చి కాలుస్తాడు, నీకు తెలుసుగా. ఎఫ్రైన్ వేళ్ళతోనే పీక్కుని తిన్నాడు. ఈ ఊరివాళ్ళకి ఆకలేయడం కూడా నువ్వే నేర్పుతావా పిన్నీ అని నన్ను ఆటపట్టించాడు. అందరూ నవ్వారు.

అక్కడి నుంచి చాయో బండి దగ్గరికి. నిమ్మరసంలో ఊరిన పచ్చి చేపముక్కలు, కరకరలాడే మొక్కజొన్న అప్పచ్చి మీద. చాయో నోరు నీకు తెలియనిదా? వాడిని ఎగాదిగా చూసి, "తొలూకాలో తిండి పెట్టడం మానేశారా నాయనా, చొక్కా నడిచొస్తోందనుకున్నాను" అంది. వాడు నవ్వి ఇంకొకటి వేయించుకున్నాడు. మీద మిరప్పచ్చడి పోసుకున్నాడు, మళ్ళీ పోసుకున్నాడు. చూస్తున్న కెనడా ఆయనకి చెమటలు పట్టాయి. వీడికి ఏమీ కాలేదు.

తర్వాత రేవులోకి దిగే లంగరుమెట్లు దిగి, రొయ్యల చారు తాగి, చివరికి రావిళ్ళ సందు మలుపులో కొబ్బరికల్లు అమ్మే ముసలాయన దగ్గర ఆగాం. వాడు అరుగు మీద కూర్చుని పల్లీలు వేసిన తీపికల్లు తాగాడు. ఎండకి అలిసిపోయాడు, అంతే. అక్కడ కొంచెంసేపు మాట్లాడుకున్నాం, ఇంటి సంగతులు, నీ సంగతులు. నిన్ను తలుచుకున్నాడు అక్కా.

నోయెలియా సంగతి అడిగావు. మెట్లు దిగేటప్పుడు అతని మోచెయ్యి పట్టుకుంది. అతను వదిలేసింది తను తింది. అంతకంటే నేనేమీ చూడలేదు. మంచి పిల్ల. ఆ ఆఫీసుల చుట్టూ తిరగకు అక్కా. సముద్రం మీద ఎవరు కేసు పెట్టగలరు?

నీ చెల్లెలు,
త్రినిదాద్

తొలూకా,
జూన్ 19

త్రినీ,

నీ ఉత్తరం మొదటిసారి చదివి ఏడ్చాను. రెండోసారి చదివి లేచి నిలబడ్డాను.

ఎఫ్రైన్ కారం తినడు. తినలేడు. చిన్నప్పుడు పక్కింట్లో పచ్చడి నాకి మూతి వాచి, పొర్లి పొర్లి ఏడ్చిన పిల్లాడు. వాడి పళ్ళెంలోకి నేను విడిగా వండేదాన్ని, పెద్దయ్యాక కూడా. ఆ సంగతి నీకు తెలుసు, నువ్వూ వండావు. మరి రెండుసార్లు మిరప్పచ్చడి పోసుకున్నవాడు ఎవడు? నువ్వు నాకు వేరెవడి కథో రాశావు, లేదంటే మధ్యలో ఏదో మింగేశావు.

మోచెయ్యి పట్టుకుందట. ముప్పై ఒక్కేళ్ళ మగవాడిని మెట్ల మీద పట్టుకోవడమెందుకు? పొద్దున్నే ఏమైనా తాగించిందా? ఇదే ప్రాసిక్యూటరుతో చెప్పాను. అవును, వెళ్ళాను. ఫిర్యాదు ఇచ్చాను. ఆవిడని పిలిచి ఒక పూటంతా కూర్చోబెట్టారు. మీ ఆయనకి ఏమైనా బాధలున్నాయా, మీ మధ్య గొడవలున్నాయా అని అడిగితే నేలచూపులు చూసిందట. గొడవలు లేవంది, మిగతాదానికి జవాబు లేదు. నిజం ఉన్నవాళ్ళు నోరు కుట్టుకుంటారా?

ఆ సంగతి ఆవిడ పనిచేసే పసిపిల్లల బడికి పాకింది. తల్లులంతా గేటు దగ్గర చేరి, ఈవిడ చేతికి మా పిల్లల్ని ఇవ్వమన్నారట. బడివాళ్ళు రావద్దని చెప్పేశారు. విన్నాక ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నాను, ఇన్నాళ్ళలో మొదటిసారి. పాపమంటావా? అను.

మీరిద్దరూ కూడబలుక్కున్నారా త్రినీ? నువ్వు నా చెల్లెలివా, దాని చెల్లెలివా?

హెర్లిండా

శాన్ తెల్మో,
ఆగస్టు 14

అక్కా,

కూర్చుని చదువు. పక్కన ఎవరైనా ఉంటే ఉండనివ్వు.

వానలు పడుతున్నాయి, యాత్రికులు పల్చగా ఉన్నారు. పోయిన వారం నా గుంపులోకి నోయెలియా వచ్చింది. పుట్టింటి పేరుతో నమోదు చేయించుకుంది. నేను బజారు గేటు దగ్గర గొడుగెత్తి అందరినీ పిలుస్తుంటే వెనకాల నిలబడి ఉంది. సగమైపోయింది అక్కా. మిగతావాళ్ళ ముందు నేనేమీ అడగలేకపోయాను. పని పని కదా. చేపల కథలు చెప్పాను, జోకులు వేశాను, నా నోరు దానంతటది నడిచింది. ఆ పిల్ల ప్రతిచోటా ఒక ముద్ద తిని, అతను ఎక్కడ నిలబడ్డాడో అక్కడికి వెళ్ళి నిలబడింది.

కల్లు దగ్గరికి వచ్చాక మిగతావాళ్ళని బజారు చూసుకురమ్మని పంపేసి, ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. మా అక్క నిన్ను పీక్కుతింటోంది, ఒక్క మాటైనా ఎందుకు చెప్పుకోవు అని అడిగాను.

"అత్తయ్యని అలాగే అనుకోనివ్వండి చిన్నత్తయ్యా," అంది. "నా మీద కోపం ఉంటే ఆవిడ లేచి తిరుగుతారు. ఆ కోపం కూడా లేకపోతే పడిపోతారు."

ఆ మాటకి నాకు అనుమానం వచ్చింది. నా తల మీద చెయ్యి పెట్టి చూపించాను. ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

"మీకూ చెప్పారా? నాకొక్కదానికే తెలుసన్నారు."

నాతోనూ అదే అన్నాడు అక్కా. నోయెలియాకి తెలియదు, నీకొక్కదానికే చెబుతున్నాను అన్నాడు. మేమిద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం, ఇన్ని నెలలు ఒకే రాయిని మోశాం.

ఇప్పుడు నేను వాడికిచ్చిన మాట తప్పుతున్నాను. ఎఫ్రైన్ తలలో గడ్డ ఉంది. కిందటి చలికాలంలో బయటపడింది. కోయడానికి వీల్లేని చోట ఉందని డాక్టర్లు చెప్పారట. మొదట వాసన పోయింది, తర్వాత రుచి. ఆ రోజు ఆ అరుగు మీద కూర్చుని, నోయెలియా అవతల ముసలాయన కల్లు పోయడం చూస్తుంటే, మెల్లగా నాతో అన్నాడు: "నువ్వు పెట్టినవన్నీ బాగున్నాయన్నాను పిన్నీ. అబద్ధం. నాకు ఏ రుచీ తెలియడం లేదు. ఆ పచ్చడి మంట కూడా తెలుస్తుందేమోనని చూశాను."

కళ్ళు కూడా మోసం చేస్తున్నాయన్నాడు. పటాలు గీసేవాడికి ఒక గీత రెండుగా కనిపిస్తే ఏం చేస్తాడు? మెట్ల దగ్గర ఆ పిల్ల మోచెయ్యి పట్టుకుంది అందుకే. నీకు చెప్పి తీరాలని నేను గట్టిగా అన్నాను. నాన్నని మంచం మీద ఉంచుకుని అమ్మ పడ్డది నువ్వు చూశావు పిన్నీ, మళ్ళీ నా కోసం ఆ గదిలోకి ఆమెని పంపను అన్నాడు. తర్వాత నవ్వి, సెలవులయ్యాక చూద్దాంలే అన్నాడు. నేను నమ్మాను.

మధ్యాహ్నం బసలో నోయెలియాని పడుకోమన్నాడట. తను సముద్రం చూసొస్తానన్నాడు. అతనికి నిద్రపట్టక ఆమె కూడా ఎన్నో రాత్రులు మేలుకునే ఉంది. ఆ పూట ఒళ్ళు తెలియకుండా నిద్రపట్టేసింది. అంతే ఆమె చేసిన నేరం.

ఎందుకు దిగాడో నాకు తెలియదు. ఆమెకీ తెలియదు. ఆ కళ్ళకి జెండా ఆనలేదేమో అనుకుంటాను. చొక్కా మడతపెట్టి, దాని మీద కళ్ళద్దాలు పెట్టాడు. ఈతకి దిగేవాళ్ళంతా అలాగే పెడతారు అనుకుంటాను. ఒడ్డున కాపలా ఉండేవాడు ఈల వేశాడట, వెనక్కి తిరగలేదట. అలల హోరులో వినబడి ఉండదు అనుకుంటాను. నీకు ఏది అనుకోవాలనిపిస్తే అది అనుకో అక్కా. నేను తేల్చి చెప్పను.

ఆ డాక్టరు పేరు ఒక్కటి చెబితే ప్రాసిక్యూటరు ఆమెని ఆ రోజే వదిలేసేవాడు. చెబితే నీకు తెలుస్తుందని చెప్పలేదు.

త్రిని

తొలూకా,
ఆగస్టు 27

త్రినిదాద్,

నీ ఉత్తరం పొయ్యిలో పెట్టాను.

దాన్ని కేసులోంచి బయటపడెయ్యడానికి నా బిడ్డని రోగిష్టివాడిని చేశారు, ప్రాణం తీసుకున్నవాడిని చేశారు. అనుకుంటాను, అనుకుంటాను అని రాసి చేతులు కడుక్కున్నావు. తొమ్మిది నెలలు మోసినదాన్ని, వాడికి తలనొప్పి వస్తే నాకు తెలియదా? నాకు చెప్పకుండా నీకు చెబుతాడా? ఊళ్ళో తెల్లవాళ్ళకి తినిపించుకుంటూ కబుర్లు చెప్పడం అలవాటై, నా దగ్గరా అదే మొదలుపెట్టావు.

ఇక రాయకు.

శాన్ తెల్మో,
సెప్టెంబరు 30

అక్కా,

రాయొద్దన్నావు. చదవకుండా పొయ్యిలో వేసినా సరే, రాస్తున్నాను.

నోయెలియా తొలూకాలో ఇల్లు ఖాళీ చేసి కొండల్లో వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది. ఊరి పేరు లోస్ ఫ్రెస్నోస్. పెద్ద బస్టాండు నుంచి పొద్దున ఒక బస్సు ఉంటుందట. నువ్వు అడగవని తెలుసు. తెలిసి ఉండడం మంచిదని చెబుతున్నాను.

కిందటి ఆదివారం కల్లు ముసలాయన నన్ను ఆపి, మీ అబ్బాయి మళ్ళీ రాలేదేమమ్మా అని అడిగాడు. ఊళ్ళో లేడని చెప్పి వచ్చేశాను. అబద్ధాలు అలవాటయ్యాయనే అంటావు. కానీ ఆగస్టులో నీకు రాసిందాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

నువ్వు సరిగ్గా తింటున్నావో లేదో.

నీ చెల్లెలు

తొలూకా,
నవంబరు 21

త్రినీ,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నీ మీద కోపంతోనే వాడి ఆఫీసుకి వెళ్ళాను, నువ్వు అబద్ధమాడావని రుజువు చేద్దామని. వాడి పక్క బల్ల మీద పనిచేసే లిబోరియో అనే ఆయన నన్ను బయటికి తీసుకెళ్ళి టీ ఇప్పించాడు. క్రిస్మస్ ముందు నుంచే వాడు పటాలు గీయడం మానేశాడట. గీతలు వంకరపోతుంటే లిబోరియోనే చెరిపి గీసేవాడట, పైవాళ్ళకి తెలియకుండా. మీకు తెలుసనుకున్నామమ్మా అన్నాడు. ఆస్పత్రి పేరు ఆయనే చెప్పాడు. డాక్టరు ముందు ఏమీ చెప్పనన్నాడు. తల్లినని గుర్తింపు కార్డు బల్ల మీద పెట్టి కూర్చున్నాను, లేవలేదు. చివరికి చెప్పాడు. నీ ఉత్తరంలో ఉన్నదే. ఎండాకాలం దాటడం కష్టమని చెప్పానమ్మా, భార్య ప్రతిసారీ వెంట వచ్చేది అన్నాడు.

ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. అక్కడి గుమాస్తా విసుక్కుని, మీ ఇంటి గొడవలు ఇంట్లో తేల్చుకోవాలి అన్నాడు. బడికి కూడా వెళ్ళాను. నేను చెప్పింది తప్పు, ఆ అమ్మాయిని మళ్ళీ పిలవండని అడిగాను. వేరే టీచరు వచ్చేసిందన్నారు. గేటు దగ్గర నిలబడి వచ్చిన ప్రతి తల్లికీ చెప్పాను. కొందరు జాలిగా చూశారు. కొందరు పిల్లల్ని పక్కకి లాక్కున్నారు, ఈసారి నన్ను చూసి.

ఆ తర్వాత శాన్ తెల్మో వచ్చాను. నీకు మంగళవారం సెలవని తెలిసే మంగళవారం వచ్చాను. నీ ముఖం చూసే ధైర్యం లేకపోయింది. ఆ రోజు నీ బదులు మీ సొకొర్రో నడిపించే గుంపులో చేరాను. మంచి పిల్ల, ఎండలో నా సంచి తనే మోసింది. తోచో కాల్చిన చేప తిన్నాను. చాయో నన్ను పోల్చలేదు. వాడిలాగే రెండుసార్లు మిరప్పచ్చడి పోసుకున్నాను. నోరు, చెవులు, నడినెత్తి అంటుకుపోయాయి. కళ్ళవెంట ధారలు కారుతుంటే చుట్టూ అందరూ నవ్వారు. కొత్త జంట ఒకటి నీళ్ళు తెచ్చిచ్చింది. మిరపకాయ వల్లనే అనుకున్నారు. ఇంత మంటా నా బిడ్డకి తెలియలేదా త్రినీ. ఇది నోట్లో పెట్టుకుని, ఏమీ తెలియక, చుట్టూ ఉన్నవాళ్ళ కోసం నవ్వుతూ నిలబడ్డాడా.

మెట్ల దగ్గర నా మోచెయ్యి సొకొర్రో పట్టుకుంది. మొదట విదిలించబోయాను. తర్వాత పట్టుకోనిచ్చాను.

సముద్రం దాకా వెళ్ళాను. ఆ రోజు జెండా ఆకుపచ్చది. పిల్లలు ఆడుకుంటున్నారు. ఎక్కువసేపు ఉండలేదు.

మొన్న శుక్రవారం లోస్ ఫ్రెస్నోస్ వెళ్ళాను. నోయెలియా వాళ్ళమ్మతో పెరట్లో కూర్చుని మొక్కజొన్న కంకులు ఒలుస్తోంది. నన్ను చూసి లేవలేదు. దారి పొడుగునా ఏమేం అనాలో వరసగా అనుకుంటూ వచ్చాను. తీరా అక్కడ అన్నది వేరే.

"నాకు తెలిసింది," అన్నాను.

"ఎవరు చెప్పారు?"

"త్రిని. తర్వాత డాక్టరు."

చేతిలో కంకి ఒళ్ళోకి జారిపోయింది. అప్పుడు ఏడ్చింది త్రినీ. చర్చిలో ఏడవని పిల్ల, ప్రాసిక్యూటరు ముందు ఏడవని పిల్ల, ఊరు వెలివేసినా ఏడవని పిల్ల, మొహం మోకాళ్ళలో పెట్టుకుని ఏడ్చింది. క్షమించమందామని ముందుకి వంగాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"మీకు తెలియకూడదని ఆయన నన్ను అడిగింది అదొక్కటే," అంది. "అది కూడా నా దగ్గర మిగలనివ్వలేదు మీరు."

నాకు నిజం కావాలని, కావాలని, అందరి గొంతుల్లో చెయ్యి పెట్టి లాగాను. నాకు దొరికింది. ఆ పిల్ల దగ్గర ఉన్నది పోయింది.

వాళ్ళమ్మ ఒక పీట తెచ్చి నా పక్కన పడేసింది. "వచ్చినావిడవి ఊరికే ఎందుకు నిలబడతావు, ఒలువు," అంది. పీట మీద కూర్చుని ఒలిచాను. ముగ్గురం బస్సు వేళ దాకా ఒలుస్తూనే ఉన్నాం. నోయెలియా తల వంచుకుని ఒలిచింది. నా వైపు చూడలేదు. నేను లేచేటప్పుడు రమ్మనలేదు, రావద్దనలేదు. గింజల బుట్ట ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

బస్సులో ఒకటే ఆలోచన. మీ ఇద్దరికీ వాడు ఒక్కొక్క మాట అప్పగించి పోయాడు. మీరు మోశారు, నలిగారు, అయినా వాడిచ్చింది అని మోశారు. కన్నతల్లిని, నాకు ఏమీ ఇవ్వకుండా పోయాడు. నేను తట్టుకోలేననుకున్నాడు. నేను ఆ పిల్లని ఏం చేశానో చూస్తే, వాడు అనుకున్నది తప్పు కాదేమో.

ఒలిచి ఒలిచి బొటనవేళ్ళు పచ్చిపుండయ్యాయి. కలం సరిగ్గా పట్టుకోలేకపోతున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు.

హెర్లిండా